మూసేశారన్న కోట

ధవళేశ్వరం బావగారికి,

నమస్కారాలు. మగతోడు లేకుండా బ్యాంకాక్ వెళితే ఎవడో ఒకడు మోసం చేస్తాడని మీరన్నారు. నిజమేనండి, మొదటిరోజే వచ్చాడొకడు.

నేనూ, మా స్కూల్లో లెక్కలు చెప్పే ప్రిస్కిల్లా కలిసి అక్కడి రాజుగారి కోట చూడ్డానికి నడుస్తున్నాం. మెడలో ఏదో కార్డు వేలాడేసుకున్న ఒకాయన ఎదురొచ్చి, ఈరోజు పూజ ఉందనీ, కోట మూసేశారనీ ఇంగ్లీషులో చెప్పాడు. తన ఆటోలో ఊరంతా తిప్పి, రత్నాల కొట్టు చూపిస్తానన్నాడు. ప్రిస్కిల్లా ఎక్కబోయింది.

"ఆగవే, మూసిన తలుపైనా చూసొద్దాం," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. గేటు బార్లా తెరిచి ఉంది!

వెనక్కి చూస్తే, తెలుగు మాట్లాడుకుంటూ ఒక కుటుంబం అతని ఆటో ఎక్కుతోంది. పరిగెత్తాను.

"ఏవండీ, దిగండి! కోట తెరిచే ఉందండి!"

నలుగురూ దిగిపోయారు. అతను మొహం మాడ్చుకుని ఖాళీ ఆటో తోలుకుపోయాడు.

వాళ్ళ పెద్దాయన దణ్ణం పెట్టి, "మీతో మగవాళ్ళెవరూ రాలేదాండి?" అన్నారు.

"అవసరం పడలేదండి," అన్నాను.

అక్క మాతో రాకుండా మీరు తన పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేశారట. దయచేసి తీసి ఉంచండి, ఆదివారం వస్తున్నాను. డిసెంబరులో సింగపూర్ వెళ్తున్నాం, ముగ్గురం.

మీ మరదలు