బొటనవేలి సున్నం

ఏప్రిల్ 3, గురువారం
మళ్ళీ మంట. పొద్దున బాత్రూంలో గోడ పట్టుకుని నిలబడ్డాను. కింద రెండు చుక్కలు, కళ్ళల్లో మాత్రం ధార. బయట నుంచి మా ఆయన — "డ్యూటీకి టైమవుతాండాది, లోపలే నిద్రపోయినావా?" నిద్రట!

మదనపల్లె–కుప్పం బండి. ఎక్కితే మూడు గంటల పైమాటే. పుంగనూరులో కాసేపు ఆగుతుంది గానీ, టికెట్లు కొట్టి, సామాన్ల తగువులు తీర్చేసరికి ఆ కాసేపూ అయిపోతుంది. అందుకే నీళ్ళే తాగను. కండక్టరునైన రోజు నుంచీ అదే నా తెలివి.

ఏప్రిల్ 4, శుక్రవారం
అత్తకు చెప్పక తప్పలేదు. "వేడి చేసిండాది, అంతే." తీర్పు అయిపోయింది. ఆకువక్కల సంచి విప్పి, సున్నం డబ్బా తీసి, నా రెండు కాళ్ళ బొటనవేళ్ళ గోళ్ళకూ పట్టించింది. వేడి అందులోంచి దిగిపోతుందట. "తుడిచేస్తివంటే సూడు!"

ఈమె సున్నం ఇల్లంతా ఉంటుంది. తలుపుకి, మంచం కోడుకి, తన కాళ్ళకి కూడా. ఆకు వేసుకుని చెయ్యి ఎక్కడ పడితే అక్కడ తుడిచేస్తుంది. ఎన్నిసార్లు మొత్తుకున్నానో...

ఏప్రిల్ 5, శనివారం
వేడి దిగలేదు. పరువు దిగింది.

ఎండకు చెప్పులే వేసుకుపోయాను. పుంగనూరులో గాజుల బుట్టతో ఎక్కింది మాబున్ని. టికెట్ అడగలేదు, నా కాళ్ళు చూసింది. మా వైపు తెల్లటి బొటనవేలంటే మెడలో బోర్డు కట్టుకున్నట్టే. "అయ్యో బేటీ, మంటనా? బార్లీ కాచుకోని తాగు." వెనక సీటామె ఊరుకుంటుందా — "బార్లీ యాల? సబ్జాలు నానేసుకోమను." ఇంకొకామెది ధనియాల నీళ్ళు. పలమనేరు దాటేసరికి బస్సులో మూడు పార్టీలు. చిల్లర కోసం కొట్లాడేవాళ్ళే లేరు. డ్రైవర్ రెడ్డెప్పన్న అద్దంలోంచి చూశాడు. నేను కిటికీలోంచి చింతచెట్లు చూశాను. భూమి చీలితే బాగుండును.

ఏప్రిల్ 6, ఆదివారం
శుభ్రంగా ఉంటే తగ్గుతుందని నా బుర్రకు తోచింది. గాయాలు కడిగే మందు నీళ్ళలో కలిపి రెండు పూటలా కడుక్కున్నాను. ఇప్పుడు లోపల మంట, బయట మంట, పైన దురద. నిలబడి రాస్తున్నాను.

ఏప్రిల్ 7, సోమవారం
జ్వరం లేదు. ఏడుపు ఉంది.

ఏప్రిల్ 8, మంగళవారం
సెలవు పెట్టి డాక్టరమ్మ దగ్గరికి పోయాను. హాలు నిండా మగవాళ్ళు. నర్సు తలుపు తీసి — "మూత్రం మంట ఎవరమ్మా? రాండి!" లేవలేదు. ఇంకా గట్టిగా — "మూత్రం మంటా!" లేచాను. ఒక పెద్దాయన కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాడు. "పోమ్మా పో, బిగబట్టుకోగూడదు."

టెస్టులో ఇన్ఫెక్షన్ తేలింది. "వేడి కాదమ్మా. నీళ్ళు తాగకుండా గంటలకొద్దీ ఆపుకుంటే ఇంతే." మందు నీళ్ళ సంగతి చెప్పగానే కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "అక్కడుండేది చర్మం అనుకున్నావా, గచ్చు అనుకున్నావా? మామూలు నీళ్ళు చాలు." మాత్రలు మధ్యలో ఆపకూడదట. సున్నం పెట్టింది అత్త అని విని ఇంకో మాట కూడా అంది — ముట్లు ఆగిన పెద్దవాళ్ళకు అక్కడ తడి ఆరిపోయి మంట పుడుతుంది, దానికీ మందు ఉంది, వాళ్ళు నోరు తెరిచి చెప్పరు, మీరే అడగండి అని. మా అత్తా? ఊరందరి రోగాలూ ఏకరువు పెట్టే మనిషి, తనది దాచుకుంటుందా!

ఇంటికొచ్చి నర్సు కేక యాక్షన్ చేసి చూపించాను. మా ఆయన పొర్లి పొర్లి నవ్వాడు. అత్త ఆకు నములుతూ కూర్చుంది.

ఏప్రిల్ 10, గురువారం
మంట సగానికి వచ్చింది. కానీ నీళ్ళు తాగితే బస్సు ఆపాలి. బస్సు ఆపాలంటే రెడ్డెప్పన్నను అడగాలి. పేరుకు అన్న, వయసుకు నాన్న. ఏమని అడగను... బాటిల్ మూత తీశాను. పెట్టేశాను.

ఏప్రిల్ 11, శుక్రవారం
తాగేశాను!

వి.కోట ఇంకా రాలేదు, నావల్ల కాలేదు. మళ్ళీ ఆ గోడ పట్టుకోవడం నాకొద్దు. డ్రైవర్ సీటు దగ్గరికి పోయి "అన్నా..." అన్నాను. ఆయన నా వైపు తిరగనైనా లేదు. పెట్రోలు బంకులోకి బండి తిప్పాడు. "టైర్లు సూసుకోవల్ల. దిగేవాళ్ళు దిగండి." ఒక్కో టైరూ తట్టాడు. అయిపోయాక మళ్ళీ మొదటి టైరు దగ్గరికి వచ్చాడు. వెనక్కి చూస్తే, బస్సులో ఆడవాళ్ళంతా నా వెనకే వస్తున్నారు. మాబున్ని అందరికన్నా ముందు! బార్లీ, సబ్జా పార్టీలు ఏకమైపోయాయి.

బండి కదిలాక ఆయన మెల్లగా — "నీ కాళ్ళు ఆ పొద్దే సూసినా అమ్మా. నువ్వు అడగవు. నేనెట్లా అడిగేది?"
ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రైట్ రైట్ అన్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం
గోళ్ళు కడిగేసుకున్నాను. మంట లేదు. హాయి.

మధ్యాహ్నం అత్త పడుకుని ఉంది. కాళ్ళ మీది దుప్పటి జరిగింది. రెండు బొటనవేళ్ళూ తెల్లగా ఉన్నాయి. గోరు వరకే, అంచు దాటకుండా. చెయ్యి తుడిచిన సున్నం కాదు. పెట్టుకున్న సున్నం. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ చూస్తున్న కాళ్ళే అవి.

లేచాక అడిగాను. "ఆకేసుకునేటప్పుడు అంటింటాది లేమ్మా." రెండు కాళ్ళకూనా? రేపు డాక్టరమ్మ దగ్గరికి పోదాం అన్నాను. పొద్దు వాలాక అత్త చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా —
"ఆ నర్సు... నన్నూ అట్లనే అరిసి పిలుస్తాదా?"
నవ్వించడానికి నేను చెప్పిన కథే అది.