బొంతలో అన్నం

ఏమండీ,

అన్నం గిన్నె మంచం మీద బొంతలో ఉంది. రెండు పొంగులు రాగానే స్టవ్ కట్టేసి చుట్టిపెట్టాను. మిగతాది దాని వేడికే ఉడుకుతుంది. పన్నెండు దాటేదాకా మూత తీయకండి. మొన్న "ఏటే, అన్నానికి జ్వరమొచ్చిందేటి?" అని నవ్వుతూ మూత తీసి చూశారు. ఇద్దరం పలుకన్నం తిన్నాం. చారు చల్లగానే తాగండి, స్టవ్ ముట్టుకోకండి. ఈ సిలిండర్ శుక్రవారం దాకా రావాలి. ఆ రోజు మీ పుట్టినరోజు, గారెలు వేయాలి. ఇంకోటి కొనే స్థితి ఈ నెల లేదు.

నేనూ, పక్కింటి బెంగాలీ వదిన మౌసుమీ బౌదీ గ్యాస్ ధర మీద ఊరేగింపుకి పోతున్నాం. గొంతు పోయేలా అరిచి ఆకలితో వస్తాను. నాకూ ఉంచండి.

బొంత గంజి వాసన వేస్తోందని మీరు సణుగుతారు. నాకు ఆ వాసనకే నిద్ర పడుతోంది. తెల్లారగట్ల కల వచ్చింది. మన గార్డెన్ రీచ్ పేట ఆడవాళ్లమంతా గంగ ఒడ్డున పెద్ద గుండిగనిండా అన్నం వండి, పొగమంచునే బొంతలా కప్పి, చుట్టూ కూర్చున్నాం. ఓడలు కూడా చప్పుడు చేయకుండా పోతున్నాయి.

వేదవతి

చెప్పడం మరిచాను. కలలో మీరూ ఉన్నారు. మూత మీద చెయ్యి వేశారు గానీ తీయలేదు.