గరుకు బండలు

రేణుక గారికి,

గద్వాలలో మీ టైల్స్ దుకాణంలో మేస్త్రీలకు పనిచీటీలు రాసేది మీరే కాబట్టి మీకే రాస్తున్నాను. ఫోన్లో అయితే మళ్ళీ తొందరపడి అన్నింటికీ సరే అనేస్తాను.

ఆరోజు చీటీ రాస్తూ మీరు, "వంటింట్ల పాత బండలుంచాల్నా అక్కా, ఇల్లంత ఒకటే టైల్సెయ్యాల్నా?" అని అడిగారు. గడపల సంగతీ అడిగారు. "అంత ఒకటే ఎయ్యుర్రి, గడపలు తీసెయ్యుర్రి" అన్నాను. మీరు రాసినట్టే మేస్త్రీ దినేష్ చేశాడు. పనికి వంక పెట్టేందుకు లేదు.

మా అత్త జములమ్మకు ఏళ్ళుగా చూపు లేదు. కాలికి గరుకు బండ తగిలితే వంటిల్లు, గడప తగిలితే తలుపు. ఎవరినీ చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు. ఇప్పుడు నడింట్లో నిలబడిపోతోంది. ఆ సంగతి నాకప్పుడు తట్టనే లేదు.

తీసిన బండలు పెరట్లో పేర్చి ఉన్నాయి. ఆమె మంచం నుంచి వంటింటి దాకా ఒక్క వరస టైల్స్ తీసి, ఆ పాత బండలే వేసేటట్టు ఇంకో చీటీ రాయండి. అందం పోతే పోనీ.

నిన్న నా కొంగు పట్టుకుని, "ఇల్లు మంచిగున్నదంటున్రు గదా బిడ్డా. వచ్చి శానసేపైంది, ఇగ మనింటికి పోదాం పా" అంది.

జములమ్మ కోడలు