వానలో తడవని గొడుగు

మార్కెట్ వీధి లైబ్రరీ,
సోమవారం

గౌరవనీయులైన వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీరూ క్షేమమేనని మా కోడలి మొహంలో సంతోషం చూసి తెలుసుకున్నాను. ఆ సంతోషం గురించే ఈ ఉత్తరం.

ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఫోన్‌లో అన్న మాట రేపు "నేనలా అనలేదు వదినగారూ" అయిపోతుంది. కాగితం మీద మాట ఎక్కడికీ పోదు.

హెడ్డాఫీసు ఉత్తర్వు మీకూ వచ్చే ఉంటుంది. మా లైబ్రరీ కేటలాగు ఫైలూ, మీ స్టేషన్ రోడ్డు లైబ్రరీ కేటలాగు ఫైలూ కలిపి ఒకటి చేస్తారట. దానికేదో ప్రోగ్రాం ఉందట. రెండు ఫైళ్ళు లోపలికి ఇస్తే ఒక ఫైలు బయటికి వస్తుందట. ఒకే పుస్తకం రెండింటిలోనూ ఉంటే, ముందిచ్చిన ఫైల్లో వివరాలు ఉంచి, తర్వాతిచ్చిన దాంట్లోవి తీసేస్తుందట. కేటలాగు ఒకటైతే దాన్ని చూసుకునే మనిషీ ఒక్కరే చాలు కదా. అంటే మీరో నేనో ఆ కుర్చీలో ఉంటాం. రెండోవాళ్ళు గోడౌన్లో కూర్చుని పాత పేపర్ల కట్టలు దులుపుకోవాలి.

ఇప్పుడు చెప్పండి. ఆ ప్రోగ్రాం నడిపేది ఎవరు? హెడ్డాఫీసు కంప్యూటర్ సెక్షన్లో ఉన్న మా కోడలు. అంటే మీ కూతురు. ముందు ఎవరి ఫైలు పెడుతుందో నాకు వేరే చెప్పాలా? పెళ్ళి ఫోటోలోనే మీవాళ్ళంతా ముందు వరుసలో కూర్చున్నారు, మేం వెనక మునివేళ్ళ మీద నిలబడ్డాం.

నిన్న ఆదివారం అడక్కుండానే నాకు కాఫీ తెచ్చి ఇచ్చింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో లేనిది నిన్నే ఎందుకు?

ఇట్లు,
మీ అల్లుడి తల్లి

తా.క. కాఫీలో చక్కెర సరిగ్గా సరిపోయింది. దాంతో అనుమానం మరీ ఎక్కువైంది.

*

స్టేషన్ రోడ్డు లైబ్రరీ,
బుధవారం

పూజ్యులైన వదినగారికి నమస్సులు.

మీ ఉత్తరం అందింది. కవరుకి మూడు చోట్ల టేపు అంటించారు. దారిలో ఎవరైనా చదువుతారని కాబోలు. చదివితే నా మీద జాలిపడేవారు.

ముందు ఎవరి ఫైలు పెడతావే అని మా అమ్మాయిని నేనూ అడిగాను, దాచను. "అమ్మా, ఆఫీసు సంగతులు ఇంట్లో అడక్కు" అని ఫోన్ పెట్టేసింది. మీ ఇంటికొచ్చాక నేర్చుకున్న మాట అది. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దానికి కడుపులో ఏదీ దాగేది కాదు.

అసలు అనుమానపడాల్సింది మీరా, నేనా? పోయిన వారం మీ అబ్బాయి, అదే మా అల్లుడుగారు, కుళాయి కారుతోందట కదా బాగుచేస్తానని మా లైబ్రరీకి వచ్చారు. కుళాయి వరండాలో ఉంటే ఆయన నా కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఏం బాబూ అంటే, "పానా ఎక్కడుందో చూస్తున్నానండీ అత్తయ్యగారూ" అన్నారు. కంప్యూటర్లో పానా ఉంటుందా వదినగారూ? పైగా నేనేమీ అనకముందే "మా అమ్మ పంపలేదండీ" అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే.

ఒక్క మాట సూటిగా చెబుతున్నాను. మా ఆయన పోయాక నేను మళ్ళీ మనిషినైంది ఈ లైబ్రరీలోనే, ఈ కుర్చీలోనే. దీన్ని లాక్కుంటామంటే వియ్యపురాలని కూడా చూడను.

ఇట్లు,
మీ కోడలి తల్లి

తా.క. అల్లుడుగారు బాగుచేశాక కుళాయి ఇదివరకటికంటే ఎక్కువ కారుతోంది. కింద బకెట్ పెట్టాం. ఆ బకెట్ మీ ఖాతాలో రాసుకున్నాం.

*

మార్కెట్ వీధి లైబ్రరీ,
శనివారం

వదినగారికి,

నమస్కారం పెడదామంటే చెయ్యి రావడం లేదు.

ప్రోగ్రాంని ఒకసారి పరీక్షగా నడిపారు. రెండు ఫైళ్ళలోనూ ఉన్న పుస్తకాల జాబితా మీకూ నాకూ వచ్చింది. నేను అదంతా చదవలేదు. ఒక్క పుస్తకం కోసమే వెతికాను. దొరికింది.

"వానలో తడవని గొడుగు". పిల్లల నవల. రాసినవారు "బాటసారి". బొమ్మలున్నాయి. రెండువందల పన్నెండు పేజీలు.

వదినగారూ, అలాంటి పుస్తకం ప్రపంచంలోనే లేదు!

హెడ్డాఫీసువాళ్ళు ఏటా ఒకరి కేటలాగు ఒకరికి పంపుతుంటారు కదా. ఎక్కువ పుస్తకాలున్న లైబ్రరీకే ఎక్కువ మర్యాద కూడాను. మీ దగ్గర పుస్తకాలు మరీ తొందరగా పెరుగుతుంటే నాకు ఎప్పుడో అనుమానం వచ్చింది. పిల్లల పెళ్ళిమాటలు మొదలుకాకముందే ఈ పుస్తకాన్ని పుట్టించి నా ఫైల్లో పెట్టాను. పేరు నా ఊహ, రచయిత నా కల్పన, పేజీలు మా ఇంటి నంబరు. వల వేసి ఇన్నాళ్ళూ ఓపిగ్గా కూర్చున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. ఈ ప్రోగ్రాంకి కళ్ళూ లేవు, మొహమాటమూ లేదు. రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి బండారం బయటపెట్టింది.

ఆ కుర్చీ ఎవరిదో ఇప్పుడు మీరే చెప్పండి.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి

తా.క. మీ ఫైల్లో ఆ పుస్తకం పక్కన "బొమ్మలు చాలా బాగున్నాయి" అని కూడా రాసి ఉంది. ఎవరు చూశారండీ?

*

స్టేషన్ రోడ్డు లైబ్రరీ,
సోమవారం

మహామేధావులైన వదినగారికి,

మీ కొత్త పుస్తకాల జాబితా చూసి, ఇవి ఎలాగూ మేమూ కొనబోతున్నాం కదా అని కాస్త ముందుగా మా ఫైల్లో ఎక్కించాను. దాన్ని దొంగతనం అనరు, ముందుచూపు అంటారు.

అయినా తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడూ ఉంటాడు. అదే జాబితాలో ఆఖరి పేజీ తీయండి. "మేడ మీద గుర్రాల పెంపకం" అని ఒకటి కనబడుతుంది. కనబడిందా? దాన్ని పుట్టించింది నేను. మీ మీద అనుమానం నాకు మాత్రం ఉండకూడదా? మీరు దాన్ని ఎత్తుకుపోయి ఊరుకున్నారా, లేదు. పక్కన "బాగా నలిగిన ప్రతి, రెండుసార్లు బైండు చేయించాం" అని రాసుకున్నారు. మేడ మీద గుర్రాలు పెంచుకునేవాళ్ళు మీ మార్కెట్ వీధిలో అంతమంది ఉన్నారా?

ఇక కుర్చీ సంగతి మీరే చెప్పండి.

ఇట్లు,
మీ కోడలి తల్లి

తా.క. మా అమ్మాయి చివరికి నోరు విప్పింది. అక్షరక్రమం ప్రకారం మీ మార్కెట్ వీధి ఫైలే ముందు పెట్టిందట. ఆ కాఫీ ఊరికే ఇచ్చింది పాపం. మీ చేతుల్లో పడి ఒక్క కాఫీకి ఎన్ని మాటలు పడింది పిచ్చిపిల్ల!

*

మార్కెట్ వీధి లైబ్రరీ,
గురువారం

ప్రియమైన వదినగారికి,

కొంప మునిగింది. గుర్రాల సంగతి తర్వాత కొట్టుకుందాం.

హెడ్డాఫీసులో పెద్దాఫీసరు ఆ జాబితా చూశారట. ఇన్నేళ్ళుగా మీరు మా దగ్గరా, మేం మీ దగ్గరా ఎంతలా తెచ్చుకున్నామంటే, పదింట ఎనిమిది పుస్తకాలు ఒకటే అని తేలింది. "రెండు చోట్లా అవే పుస్తకాలున్నప్పుడు రెండు లైబ్రరీలెందుకు? ఒకదాన్ని మూసేద్దాం" అన్నారట. కుర్చీ కాదు వదినగారూ, గదులకే ఎసరొచ్చింది.

నాకు భయంగా ఉంది. మా చదువుకునే గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన రోజూ పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోతారు. ఇంట్లో కోడలు ఫ్యాన్ వెయ్యనివ్వదట. ఆయన్ని ఏ మొహంతో లేపి పొమ్మనాలి? పొమ్మన్నాక నేనెక్కడికి పోవాలి?

ఒకటే దారి. ఒకరి దగ్గర ఒకరం తెచ్చుకున్నవన్నీ మన మన ఫైళ్ళలోంచి తీసేద్దాం. అప్పుడు రెండూ వేరువేరుగా కనబడతాయి.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి

తా.క. ముందు మీరు తీసేయండి, తర్వాత నేను తీసేస్తాను. ఇది అనుమానం కాదు, పెద్దవారని గౌరవం.

*

స్టేషన్ రోడ్డు లైబ్రరీ,
శుక్రవారం

వదినగారికి,

పోయిన ఉత్తరంలో పిల్లినయ్యాను, ఈ ఉత్తరంలో ప్రియమైనదాన్నయ్యాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నేను మీకంటే చిన్నదాన్ని, కాబట్టి ముందు తీసేయాల్సింది మీరే.

అయినా ఇప్పుడెవరూ ఏమీ తీయలేం. ఫైళ్ళు హెడ్డాఫీసు చేతిలోకి వెళ్ళిపోయాయి, అక్షరం కూడా కదపడానికి లేదని మా అమ్మాయి చెప్పింది. అంతకంటే ఘోరం ఇంకోటుంది. మంగళవారం పెద్దాఫీసరే స్వయంగా మా లైబ్రరీకి వస్తున్నారు. మన రెండు చోట్ల తప్ప ఇంకే లైబ్రరీలోనూ లేని పుస్తకమేదో ఆ జాబితాలో ఉందట. దాన్ని కళ్ళారా చూసి, ఏ లైబ్రరీ మూయాలో తేలుస్తారట.

ఏ పుస్తకమో ఇంకా చెప్పాలా? గొడుగు! ఆఖరి పేజీలో ఉన్న గుర్రాల దాకా ఆయన వెళ్ళినట్టు లేదు. మీరు పుట్టించిన గొడుగు నా నెత్తిన విరిగి పడుతోంది. ఇదంతా మీ ఎత్తే అని కూడా ఒక అనుమానం. కథేమిటో కనీసం నాలుగు ముక్కలు రాసి పంపండి, అడిగితే చెబుతాను.

ఇట్లు,
మీ కోడలి తల్లి

తా.క. ఇది అల్లుడుగారి చేతికిచ్చి పంపుతున్నాను. కుళాయి జోలికి వెళ్ళొద్దని చెప్పాకే ఇచ్చాను.

*

మార్కెట్ వీధి లైబ్రరీ,
శనివారం

వదినగారికి,

కథ నాకేం తెలుసు? ఆ పుస్తకం నేను మాత్రం చదివానా!

ఇట్లు,
మీ అల్లుడి తల్లి

తా.క. గుర్రాల పుస్తకం గురించి అడిగితే మాత్రం చెప్పగలను. మీరు పెట్టిన విషయసూచిక చాలా వివరంగా ఉంది.

*

స్టేషన్ రోడ్డు లైబ్రరీ,
మంగళవారం సాయంత్రం

వదినా,

బతికిపోయాం. ఎలాగో చెబితే నమ్మరు. అయినా నేను ఏది చెబితే నమ్మారు గనక!

పెద్దాఫీసరు ముగ్గురు గుమాస్తాలతో వచ్చారు, వెనక మా అమ్మాయి. రాగానే జాబితా తెరిచి "ఈ గొడుగు పుస్తకం ఏదండీ?" అన్నారు. "ఎవరో పాఠకులు తీసుకెళ్ళారండీ" అన్నాను. ఆయన నా మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. కనిపెట్టేశారు, ఇక నా పని అయిపోయింది అనుకున్నాను.

ఇంతలో ఒక గుమాస్తా పళ్ళికిలించి, "ఇంత అరుదైన పుస్తకం సార్! మీరు చదివే ఉంటారు" అన్నాడు.

అంతమంది ముందు చదవలేదనడానికి ఆయనకి నోరు రాలేదు వదినా. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "చదవకేం! చిన్నప్పుడే చదివాను. ఆ ముగింపు దగ్గర ఏడ్చాను కూడా" అన్నారు. "అందరూ అక్కడే ఏడుస్తారండీ" అన్నాను నేను. దాంతో ఆయనకి ధైర్యం వచ్చి కథ అందుకున్నారు. అమ్మమ్మ గొడుగట, దాన్ని ఎప్పుడూ తెరవని మనవరాలట, పెద్ద వానొచ్చిన రోజే అది కనబడకుండా పోతుందట. ఒక గుమాస్తా తనూ చదివానన్నాడు. ఇంకొకడు బొమ్మలు చాలా బాగుంటాయన్నాడు. మా అమ్మాయి బీరువా వెనక్కి పోయి చాలాసేపు దగ్గింది.

తను ఏడ్చిన పుస్తకం ఉన్న లైబ్రరీని మూస్తారా ఎవరైనా? "ఇలాంటివి దాచిపెట్టిన చోట్లు రెండూ ఉండాల్సిందే, కేటలాగులూ కలపక్కర్లేదు" అని నా బల్ల మీదే సంతకం పెట్టారు. మీ గదులు మీకు, నా కుర్చీ నాకు. ఆయన వెళ్ళాక ఆ కుర్చీలో కూర్చుని నేను నిజంగానే ఏడ్చాను.

కానీ ఒక చిక్కొచ్చింది. వచ్చే నెల ఆయన మనవరాలి పుట్టినరోజట. ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి దగ్గర కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తారట. పాఠకులు తిరిగివ్వగానే కబురు చేయమన్నారు.

పేరు మీరు పెట్టారు. బొమ్మలు నేను మెచ్చుకున్నాను. కథ ఆయన చెప్పారు. ఇక మిగిలింది రాయడమే. మొదటి సగం మీరు రాయండి, రెండో సగం నేను రాస్తాను. ఏడుపు నా వంతు.

ఇట్లు,
మీ కోడలి తల్లి

తా.క. నా సగం పూర్తయ్యేదాకా మీ సగం నాకు పంపకండి. మళ్ళీ మీది చూసి రాశానంటారు.