అదిరిన బిళ్ల

మిర్యాలగూడ

ప్రియమైన పెద్దక్కకు,

మధు రాస్తున్న. ఫోన్ ఎత్తుతలేనని కోపం చేయకు. జీవన్ జ్వరంతోని పోయినంక ఆ రింగు మోగితే దవాఖాన నుంచే అనిపిస్తది.

వాడు దాచిన రెండు రూపాయల బిళ్ల యాదికుందా? దాని మీద అంకెలు రెండేసి కనబడుతయి. టంకశాలల అచ్చు తయారుచేసేటప్పుడే బొమ్మ రెండుసార్లు పడ్డదని, గిది అరుదైనదని వాడు అంటుండె. నేను పనిచేసే మిల్లుల అందరు నా కొడుకును 'చిల్లర సేటు' అని నవ్విన్రు. సూర్యాపేటల పాత బిళ్లలు కొనే రామలింగయ్య దాన్ని అసలుదో కాదో తేల్చే గ్రేడింగు కంపెనీకి పంపుతనన్నడు. నిజమని తేలితే ప్లాస్టిక్ డబ్బీల పెట్టి సీలేసి, చీటీ మీద వాని పేరేసి ఇస్తరట. నాకు పైసలొద్దు అక్కా. వాడన్నది నిజమని ఆ చీటీ చెప్తే చాలు.

అచ్చుల తప్పుంటే దానితోని కొట్టిన బిళ్లలన్నీ గట్లనే వస్తయట. జోడు దొరికితే రుజువైనట్టే. చర్చిల కానుకలు లెక్కపెట్టేది నువ్వే గద. జర సూడు.

నీ తమ్ముడు
మధు

---

కోదాడ

ప్రియమైన తమ్మునికి,

ఉత్తరం చేరింది. ఆరాధన అయినాక కానుకల సంచి కుమ్మరించి, పాస్టరు గారి భూతద్దంతో చూస్తున్నాను. నాతో లెక్కపెట్టే నాగమణి, "దేవుని సొమ్ముల పేలు చూస్తున్నవా అక్కా" అని నవ్వింది.

ఒకటి దొరికింది. అదే సంవత్సరం, అంకెలు రెండేసి. నా రెండు రూపాయలు సంచిలో వేసి దాన్ని తీసుకున్నాను.

తొందరపడకు. వేళకు తిను. భాగ్యను కసురుకోకు. తల్లి కదా, ఆమెకూ ఉంటుంది.

నా ప్రార్థనలో మీరిద్దరూ ఉన్నారు.

అక్క
సుందరమ్మ

---

మిర్యాలగూడ

ప్రియమైన పెద్దక్కా,

నీ ఉత్తరం భాగ్యకు చదివి వినిపిస్తే ఏడ్చింది. ఏడ్చినంక లేచి చాయ్ పెట్టింది. ఇద్దరం ఒక్కకాడ కూసొని తాగక ఎన్ని రోజులైందో. మిల్లుల గూడ చెప్పిన. ఇగ నవ్వుండ్రి అన్న.

మన బిళ్లను స్పీడ్ పోస్టుల పంపుతున్న. రెండు పక్కపక్కన పెట్టి, ప్రార్థన చేసి, నువ్వే రామలింగయ్యకు ఇయ్యి. చీటీ మీద జీవన్ అని ఉండాలె. పెద్దగ ఉండాలని చెప్పు.

నీ తమ్ముడు
మధు

---

కోదాడ

ప్రియమైన మధూ,

రెండు బిళ్లలూ పక్కన పెట్టి చూశాను. సూర్యాపేట పోయి రామలింగయ్యకూ చూపించాను.

మనం పొరపడ్డాం తమ్మీ. అంకెలు రెండేసి కనబడినంత మాత్రాన జోడు కాదు. రెండింటిలోనూ ఒకే తీరుగా ఉండాలి. జీవన్ దానిలో అంకె కిందికి జారింది, దీనిలో పక్కకు జారింది. జారిన చోట మెట్టులా చదునుగా ఉంది, అంకె సన్నబడింది. అచ్చులో తప్పయితే రెండు గీతలూ ఉబ్బెత్తుగా ఉండి, అంకె లావెక్కి, మూలల్లో చీలుతుందట. ఇది దెబ్బ పడే క్షణంలో యంత్రం అదిరినందుకు వచ్చింది. దీనికి మనం కోరిన చీటీ ఇవ్వరు.

"పంపుమంటే పంపుతనమ్మా. ఎట్ల పోయింది అట్లనే వస్తది" అన్నాడు. పంపమనలేదు.

నీ బిళ్ల నీకే పంపుతున్నాను. నీకు ఎట్లా రాయాలా అని చాలాసేపు ప్రార్థించాను. ఇంతకంటే మెత్తని మాట దొరకలేదు.

అక్క
సుందరమ్మ

---

కోదాడ

ప్రియమైన మధూ,

నువ్వు జవాబు రాయలేదు. భాగ్యకు ఫోన్ చేశాను. ఆదివారం పొద్దున కోదాడ బస్సెక్కినవని చెప్పింది. మా ఇంటికైతే రాలేదు.

ఆ రోజే కానుకలు లెక్కపెడుతుంటే జీవన్ బిళ్ల చేతికి వచ్చింది. చర్చిలో వెనక కూర్చుని, సంచిలో వేసి, నేను తిరిగి చూసేలోగా పోయినట్టున్నావు.

ఇన్నింట్లో ఎట్ల గుర్తుపట్టినవని నాగమణి అడిగింది. అచ్చులోనే తప్పుంటే అలాంటివి వేలల్లో ఉండేవి. ఇది మనదని తెలిసేది కాదు. యంత్రం అదిరితే ఏ బిళ్లకదే వేరు, ఇట్లా అదిరిన బిళ్ల ఇదొక్కటే.

నా రెండు రూపాయలు వేసి తీసుకోబోయాను. నువ్వు దేవునికి విడిచిన దాన్ని నేను పట్టుకోకూడదనిపించి మళ్లీ సంచిలోనే వేశాను.

సంచి సోమవారం బ్యాంకులో కట్టాలి. వారం గడిచింది. పాస్టరు గారు అడిగితే నడుము నొప్పి అన్నాను. నొప్పేమీ లేదు.

సంచి ఇంకా మా ఇంట్లోనే ఉంది.

అక్క
సుందరమ్మ