రెండోసారి వచ్చిన ఈస్టర్

అత్తమ్మా,

వందనాలు. నువ్వు పోయి పది నెలలు దాటింది. అక్కడ కూడా వందనాలు చెప్పుకుంటారా? ఏమో...

మేం బాగానే ఉన్నాం. పటాన్‌చెరులో అదే కిరాయి ఇల్లు, తెల్లవారితే అదే మందుల కంపెనీల వాసన. నీ కొడుక్కి షిఫ్టు మారింది. నేను విత్తనాల ల్యాబుకే పోతున్నాను.

అసలు సంగతి చెప్పడానికి నసుగుతున్నాను, నువ్వు తిడతావని. ఈస్టర్‌కి నీ దగ్గరికి రాలేకపోయాను.

ఏటా ఈస్టర్ తెల్లవారుజామున సంఘమంతా సమాధుల తోటకి వస్తే, మామయ్య సమాధికి సున్నం వేసి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించేది మనిద్దరమే కదా. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని ఏమన్నావో మర్చిపోలేదు. "వచ్చే ఈస్టర్‌కు ఎవరొచ్చినా రాకున్నా నువ్వు రావాలె. నా సమాధికి నీ చేత్తోనే సున్నమెయ్యాలె. వానికి చేతగాదు, బట్టలకే ఎక్కువ పూసుకుంటడు."

సరేనన్నాను. కానీ ల్యాబు వాళ్ళు శనగ విత్తనాల పని మీద నన్ను రెండు నెలలు ఇథియోపియా పంపించారు. ఈస్టర్ సరిగ్గా మధ్యలో పడింది.

ఆ పొద్దున నీ కొడుకు సమాధి దగ్గర నుంచి వీడియో కాల్ చేశాడు. చొక్కా నిండా సున్నమే! నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మొహం కడుక్కుని, తెల్లచీర కట్టుకుని, అక్కడ నేను దిగిన ఇంటి ఓనరు పెద్దావిడకి ఈస్టర్ శుభాకాంక్షలు చెబుదామని బయటికొచ్చాను. ఆమె తాటాకు మట్ట పట్టుకుని గుడికి బయలుదేరుతోంది. నా మాట విని కంగారుపడింది. వాళ్ళ పండగల లెక్క వేరట అత్తమ్మా... వాళ్ళకి ఆ రోజు మట్టలాదివారం, ఈస్టర్‌కి ఇంకా వారం ఉంది. మన దగ్గర లేచిన ప్రభువు అక్కడ ఇంకా గాడిద దిగలేదు!

ముందు నవ్వుకున్నాను. తర్వాత తట్టింది. ఇంకో ఈస్టర్ ఉంది! దేవుడు నా కోసమే వారం ఆగాడా అనిపించింది. ఆ ఆదివారం అక్కడే ఏదో ఒక సమాధి దగ్గర నీ పేరు మీద కొవ్వొత్తి వెలిగించి మాట నిలబెట్టుకుందాం అనుకున్నాను.

శుక్రవారం పెద్దావిడతో గుడికి పోయాను. మనకైతే గుడ్ ఫ్రైడేకి సిలువ మీది ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు, ఫ్యాను కింద కుర్చీ. వాళ్ళు పొద్దుటి నుంచి నేల మీదికి వంగి లేస్తూనే ఉన్నారు. రెండు నెలలుగా మాంసం, పాలు, గుడ్డు ముట్టని మనుషులు! పెద్దావిడకి నీలాగే మోకాళ్ళ నొప్పులు. అయినా వంగుతోంది, లేస్తోంది. నేను కాసేపటికే చతికిలబడ్డాను. ప్రభువు చనిపోయాడని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్ళకి ఆ రోజే తెలిసినట్టుంది...

ఆదివారం పొద్దున కొవ్వొత్తి పట్టుకుని, సమాధులు ఎటు అని అడిగాను. ఇంగ్లీషు వచ్చిన ఆమె కూతురు వాళ్ళ భాషలోకి తిప్పి చెప్పింది. పెద్దావిడకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగించాను. ఇవాళ అక్కడ ఏం పని అన్నట్టు వింతగా చూసి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. పండగకని ఇల్లంతా పచ్చగడ్డి పరిచారు. కోడికూర వాసన. కూర్చోబెట్టి, పెద్ద ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. కొవ్వొత్తి చేతిలోనే ఉండిపోయింది.

నమలలేకపోయాను అత్తమ్మా. మొదటి ఈస్టర్ పొద్దున సుగంధ ద్రవ్యాలు తీసుకుని ప్రభువు సమాధికి బయలుదేరిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. సమాధికి అడ్డం పెట్టిన రాయి ఎవరు దొర్లిస్తారని దారి పొడవునా దిగులుపడ్డవాళ్ళు. సండే స్కూలు నుంచి వింటున్న కథే. కానీ వాళ్ళూ నాలాగే చనిపోయిన మనిషికి చేయాల్సిన పని పెట్టుకుని పోయారని ఎప్పుడూ తట్టలేదు. పోయి చూస్తే ఏముంది? సమాధి ఖాళీ, చేయడానికి పని లేదు! ఎంత భయమేసి ఉంటుంది... ఎంత సంతోషం!

నీకు సున్నం వేయలేదని ఇంత పరేషానయ్యానే, నువ్వు లేస్తావని ఎప్పుడైనా నిజంగా నమ్మానా? పాటల్లో పాడాను, ప్రార్థనల్లో ఆమేన్ అన్నాను. నమ్మానా?

తిరిగొచ్చాక నీ దగ్గరికి వచ్చాను, చూశావా? బొంబాయి రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. నీ కొడుకు వేసిన సున్నం ఒకవైపు చారలు కట్టింది. మళ్ళీ వేయాలని చెయ్యి దురద పెట్టింది కానీ వేయలేదు. ఊరికే పక్కన కూర్చున్నాను. ఈ మట్టి కింద మా అత్తమ్మ ఉంది, ఒకరోజు లేస్తుంది అని పైకే అనుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వచ్చే ఏడు సున్నం వేస్తాను, మాట ఇస్తున్నాను. నువ్వు లేచే చోటు శుభ్రంగా ఉండాలి కదా.

నాకూ నీ పక్కనే చోటు ఉంచమని నీ కొడుకుతో చెప్పాను. ఆ రోజు వచ్చినప్పుడు, నా నిద్ర సంగతి నీకు తెలుసు... జెర గట్టిగా పిలువు.

నీ కోడలు