చేతులు జేబులో పెట్టుకున్నాను

సుధక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. స్టుట్‌గార్ట్‌లో మళ్లీ లాక్‌డౌన్. నా ఆఫీసు ఇంకా మా వంటగది టేబుల్ మీదే నడుస్తోంది. నువ్వుంటే ముందు నీకే చెప్పేవాణ్ణి ఈ సంగతి.

జాంబియాలో మన సంస్థ గ్రాంటుతో మనిద్దరం నిలబెట్టిన నీటి పరీక్షల ల్యాబ్ గుర్తుందిగా. అక్కడ శిక్షణలో ఎవరైనా మెషీన్ దగ్గర తడబడితే చాలు, నేను ముందుకు దూకేవాణ్ణి. "చేతులు జేబుల పెట్టుకో తమ్మీ, వాళ్లు చేస్తరు," అని ఆపేదానివి. నాకు ఒళ్లు మండేది.

ఈసారి పక్క జిల్లా ల్యాబ్ వాళ్లకు శిక్షణ. విమానాలు లేవు కదా, వాయిదా వేద్దామని ఫోన్ చేశాను. "వాయిదా ఎందుకు? మేం నేర్పుతాం," అంది అప్పట్లో నీ దగ్గర నేర్చుకుని ఇప్పుడు మన ల్యాబ్ నడుపుతున్న ముటింటా.

ఇవాళ ఆ శిక్షణను వీడియో కాల్‌లో చూశాను. కొత్తగా వచ్చినామె మెషీన్‌కు పైపు బిగించలేక అవస్థ పడుతోంది. సాయం చేయబోయిన తన సహోద్యోగిని ముటింటా ఆపేసింది. చేతులు జేబులో పెట్టుకోమంది. కాసేపటికి ఆ కొత్తామే బిగించుకుంది.

ఆ మాట ఎవరిదో అక్కడి కొత్తవాళ్లకు తెలియదు. చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ మైక్ ఆన్ చేయలేదు. నా చేతులూ జేబులోనే ఉన్నాయక్కా.